మూడు పుష్కరాల ఫుటేజీ, ఒకటే టైమ్‌లైన్

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా రేవులు ముస్తాబు కాకముందే టీవీ చానళ్లకూ, వాటికి ప్రోగ్రాములు చేసిపెట్టే డెల్టా ఊళ్లలోని మిక్సింగ్ (వీడియో ఎడిటింగ్) ల్యాబులకూ ఒక పని మొదలవుతుంది. అది పాత పుష్కరాల విజువల్స్ వెతికి తీయడం. 2003 పుష్కరాలవి చాలావరకు మినీ డీవీ టేపుల మీద ఉంటాయి. 2015వి హెచ్‌డీ కెమెరాల నుంచి హార్డ్ డిస్కుల్లోకి చేరి ఉంటాయి. ఈసారి తీసేది 4కె కెమెరాలతో, డ్రోన్లతో, కొంత ఫోన్లతో. అరగంట ప్రోగ్రాములో ఇవన్నీ పక్కపక్కనే రావాలి. చానల్ మాత్రం ఒక్కటే అడుగుతుంది: 1080ఐ50 ఫైలు. అంటే 1080 లైన్లు, ఇంటర్‌లేస్డ్, సెకనుకు 50 ఫీల్డులు.

ఇంటర్‌లేస్డ్‌నీ (ఐ: ఫ్రేములోని లైన్లు రెండు విడతలుగా వచ్చేది), ప్రోగ్రెసివ్‌నీ (పి: లైన్లన్నీ ఒకేసారి వచ్చేది) కలిపితే బొమ్మ పాడవుతుందని ల్యాబుల్లో తరచూ అంటుంటారు. అందులో నిజం కొంతే. సెకనుకు 25, 50 లెక్కలో తీసిన క్లిప్పులు ఐ అయినా పి అయినా ఒకదాని పక్కన ఒకటి బాగానే ఇముడుతాయి. తగువంతా 24, 30, 60 లెక్కలో తీసినవాటితోనూ, సైజు మార్చాల్సి వచ్చిన పాత ఇంటర్‌లేస్డ్ టేపులతోనూ వస్తుంది. నింద మాత్రం ఇంటర్‌లేస్ మీద పడుతుంది.

ఆర్చి బ్రిడ్జి మీద రైలు

ఇంటర్‌లేస్డ్ పద్ధతిలో ఫ్రేములోని లైన్లన్నీ ఒకేసారి రావు. ముందు 1, 3, 5 ఇలా బేసి లైన్లు వస్తాయి. సెకనులో యాభయ్యో వంతు గడిచాక 2, 4, 6 ఇలా సరి లైన్లు వస్తాయి. ఒక్కో విడత ఒక ఫీల్డు. రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేము. ఇది టీవీ తొలినాళ్ల పొదుపు. 1936లో బీబీసీ 405 లైన్లతో ప్రసారాలు మొదలుపెట్టేనాటికే ఈ ఏర్పాటు ఉంది. తెర రెపరెపలాడకుండా ఉండాలంటే సెకనుకు యాభై సార్లయినా వెలగాలి, కానీ యాభై పూర్తి ఫ్రేములు పంపేంత బ్యాండ్‌విడ్త్ లేదు. అందుకని సగం సగం పంపారు. పాత డబ్బా టీవీలోని పిక్చర్ ట్యూబు కూడా అలాగే సగం సగం గీసేది కాబట్టి లెక్క సరిపోయింది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ అలా గీయదు. వచ్చిన ఫీల్డుల నుంచి లోపల తనే పూర్తి ఫ్రేములు తయారు చేసుకుని చూపిస్తుంది. ఇటు కెమెరా ప్రోగ్రెసివ్, అటు టీవీ ప్రోగ్రెసివ్, మధ్యలో పంపకం మాత్రం ఇంటర్‌లేస్డ్. ఇవాళ్టి విచిత్రం ఇదే.

రాజమండ్రిలో గట్టు మీద ట్రైపాడ్ పెట్టి, ఆర్చి బ్రిడ్జి మీద పోతున్న రైలును 50ఐలో తీశారనుకుందాం. ఇంజను ఫ్రేములో ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగు సెకన్లలో పోతే, 1920 పిక్సెళ్లను 200 ఫీల్డుల్లో దాటినట్టు. ఫీల్డుకు దాదాపు 10 పిక్సెళ్లు. ఆ క్లిప్పును కంప్యూటరు మానిటర్ మీద ఆపి చూస్తే ఇంజను ముందు అంచు దువ్వెన పళ్లలా కనబడుతుంది. ఒక్కో పన్ను పొడవు ఆ పది పిక్సెళ్లే. ఆర్చీలూ, వాటి కింది స్తంభాలూ మాత్రం నున్నగా ఉంటాయి. కదలనివాటికి పళ్లు రావు. ఇది లోపం కాదు. రెండు వేర్వేరు క్షణాల్ని మానిటర్ ఒకే బొమ్మగా చూపిస్తోంది, అంతే.

ఈ పళ్లను చూసి కంగారుపడి, టైమ్‌లైన్‌లోని (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పుల్ని వరసగా పేర్చే పట్టీలోని) క్లిప్పులన్నిటికీ డీఇంటర్‌లేస్ కొట్టేయడం దగ్గరే చాలా ప్రోగ్రాములు చెడిపోతాయి. మామూలుగా ఆ బటన్ చేసే పని ఒక ఫీల్డును ఉంచుకుని రెండోదాన్ని పారేయడం. పోయిన లైన్లను పక్క లైన్ల నుంచి ఊహించి నింపుతుంది. సెకనుకు యాభై క్షణాలు ఉన్నచోట ఇరవై అయిదే మిగులుతాయి. రైలు 10 పిక్సెళ్ల చొప్పున సాఫీగా పోయేది కాస్తా 19 పిక్సెళ్ల చొప్పున అంగలు వేస్తూ పోతుంది. చానల్ మళ్లీ 50ఐనే అడుగుతోంది కాబట్టి, పారేసిన క్షణాల చోట ఉన్నవాటినే రెండుసార్లు పంపాల్సి వస్తుంది. చేతిలో ఉన్న సరుకును పారేసి ఖాళీ సంచి పంపడం ఎందుకు?

ఫీల్డుల వరస తారుమారైతే వచ్చే తేడా వేరు. బేసి లైన్లు ముందు రావాల్సిన ఫైల్లో సరి లైన్లు ముందు వచ్చాయనుకోండి. అదే రైలు 30 పిక్సెళ్లు ముందుకు, 10 వెనక్కి, మళ్లీ 30 ముందుకు, 10 వెనక్కి పోతుంది. మూడడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ అన్నమాట. మానిటర్ మీద ఫ్రేము ఫ్రేముగా జరిపి చూస్తే ఇది దొరకదు, ఎందుకంటే పళ్లు రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉంటాయి. ఫీల్డు ఫీల్డుగా విడదీసి చూడాలి, లేదా టీవీ మీద ఆడించాలి. టీవీ మీద అయితే అలవాటు లేని కన్నుకు కూడా ఒక్క సెకనులో తెలిసిపోతుంది.

25పి, 50పి: ఇక్కడ పెద్ద గొడవ లేదు

25పి క్లిప్పును 50ఐ టైమ్‌లైన్ మీద వేస్తే సాఫ్ట్‌వేర్ చేసేదల్లా, ఒక్కో ఫ్రేమును బేసి లైన్లుగా, సరి లైన్లుగా విడదీసి రెండు ఫీల్డులుగా పంపడం. రెండూ ఒకే క్షణానివి. దీన్ని పీఎస్‌ఎఫ్ (ప్రోగ్రెసివ్ సెగ్మెంటెడ్ ఫ్రేమ్) అంటారు. అవతల టీవీ రెండింటినీ కలిపితే మొదటి ఫ్రేము చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. 50పి క్లిప్పయితే మొదటి ఫ్రేము నుంచి బేసి లైన్లు, రెండో ఫ్రేము నుంచి సరి లైన్లు తీసుకుంటుంది. నిలువు వివరం కొంత తగ్గినా కదలిక మొత్తం దక్కుతుంది. ఫలితం ఇంటర్‌లేస్డ్ కెమెరా తీసినట్టే ఉంటుంది. పైగా అవసరమైతే అదే 50పి నుంచి యూట్యూబుకు వేరే ఫైలు తీసుకోవచ్చు.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఫైలు మీది చీటీ విషయంలో. ఏవీసీహెచ్‌డీ అనే హెచ్‌డీ ఫార్మాట్‌లో రికార్డు చేసే కొన్ని కెమెరాలు, ముఖ్యంగా కానన్ చిన్న క్యామ్‌కార్డర్లలోని పీఎఫ్25 మోడ్, లోపల 25పి తీసి పైన 50ఐ అని రాసిపెడతాయి. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఇంటర్‌లేస్డ్ అనే వస్తుంది. దాన్ని నమ్మి డీఇంటర్‌లేస్ చేస్తే ఉన్న పదునంతా పోతుంది. కదలిక ఉన్న చోట ఫ్రేము ఆపి చూడాలి. పళ్లు ఉంటే నిజంగా ఇంటర్‌లేస్డ్, లేకపోతే పేరుకే ఇంటర్‌లేస్డ్. వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని ఐడెట్ ఫిల్టర్ ఇదే పనిని క్లిప్పు మొత్తానికీ లెక్కగట్టి చెబుతుంది. వందల క్లిప్పులున్నప్పుడు చాలా టైము మిగులుతుంది.

సాంకేతికంగా ఇమిడినంత మాత్రాన కంటికి ఇముడుతుందని కాదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో రెండు కెమెరాలు ఉన్నాయనుకుందాం. ఒకటి భుజం మీది 50ఐ కెమెరా, ఇంకొకటి 25పిలో తీస్తున్న మిర్రర్‌లెస్. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక పాయలోకి దిగి, మోసేవాళ్లు మొలలోతు నీళ్లలో ఊగుతూ వస్తున్నప్పుడు ఒక షాటు దానిలోంచి, ఒక షాటు దీనిలోంచి కోసుకుంటూ పోతే, ప్రతి కట్ దగ్గరా కదలిక స్వభావం మారిపోతుంది. ఒకదాంట్లో నీళ్ల చిందులు లైవ్ చూస్తున్నట్టు ఉంటాయి, ఇంకోదాంట్లో సినిమాలా ఉంటాయి. చూసేవాళ్లు కారణం చెప్పలేరు కానీ ఏదో తేడాగా ఉందంటారు.

ఈ రెండింటినీ కలపాలంటే కిందికే దిగాలి. 25పిలో లేని క్షణాల్ని పుట్టించలేం. 50ఐలోంచి మాత్రం 25 తీసుకోవచ్చు. షట్టర్ (ఒక్కో బొమ్మకు వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/50 పెట్టి తీసిన ఇంటర్‌లేస్డ్ క్లిప్పులో ఒక్కో ఫీల్డుకు ఉండే చెదురు (కదలిక మసక), 1/50లో తీసిన 25పి ఫ్రేము చెదురుతో సరిగ్గా సమానం. అందుకే మంచి డీఇంటర్‌లేసర్‌తో 25పి చేస్తే రెండూ బాగానే కలుస్తాయి, నిలువు పదును మాత్రం కొంత పోతుంది. డాక్యుమెంటరీ తరహాలో నెమ్మదిగా నడిచే ప్రోగ్రాముకు ఇలా దిగడం తప్పేమీ కాదు. అక్కడ అది దర్శకుడి నిర్ణయం. న్యూస్‌కూ, కబడ్డీకీ, పడవ పందేలకూ ఆ పని చేయడం మాత్రం చెడగొట్టడమే. సినిమా లుక్ అనే మోజులో పల్లె ఆటల్ని కూడా 25పిలో తీయడం ఈ మధ్య ఎక్కువైంది. బంతి ఎటు పోయిందో కనబడనప్పుడు లుక్ దేనికి?

అసలు ముల్లు 30

ఫోన్ కెమెరా మామూలుగా 30లో తీస్తుంది. డ్రోన్‌లో 25, 50 ఉన్నా చాలామంది మార్చరు. వరద పోటెత్తినప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ గేట్ల దగ్గరి నుంచి ఊరి కంట్రిబ్యూటర్ వాట్సాప్‌లో పంపే క్లిప్పూ అంతే. సెకనుకు 30 ఫ్రేముల్ని 25 చేయాలంటే ప్రతి ఆరింటిలో ఒకటి తీసేయాలి. సెకనుకు ఐదు గెంతులు వస్తాయి. కెమెరా కదలకుండా మనిషి మాట్లాడుతున్న బైట్‌లో (మాటల క్లిప్పులో) అది పట్టించుకోదగ్గది కాదు. కానీ డ్రోన్ లంకల మీదుగా పక్కకు సాగుతున్నప్పుడు కొబ్బరి చెట్ల వరసలు టకటకా ఆగి కదులుతూ కనబడతాయి.

ఇక్కడ ఇంటర్‌లేస్ చేసే మేలు ఒకటుంది. 30ని 25 ఫ్రేములుగా కాకుండా 50 ఫీల్డులుగా సర్దితే ఒక్క ఫ్రేమునూ పారేయనక్కర్లేదు. మూడు ఫ్రేములు ఐదు ఫీల్డుల్లో కుదురుకుంటాయి: మొదటిది రెండు ఫీల్డులు, రెండోది ఒకటి, మూడోది రెండు. నడక కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది కానీ గెంతు ఉండదు. ముందు 25పి టైమ్‌లైన్‌లో ఎడిట్ చేసి, చివర్లో ఎక్స్‌పోర్ట్ సెట్టింగులో 1080ఐ50 ఎంచుకుంటే ఈ లాభం రాదు. అప్పటికే ఆరో ఫ్రేము పోయి ఉంటుంది. టైమ్‌లైన్ మొదటి నుంచీ 50 లెక్కలోనే ఉండాలి. ఎడిటింగ్ ఎడియస్‌లో చేసినా ప్రీమియర్‌లో చేసినా ఇంతే. డావిన్చీ రిజాల్వ్‌లో అయితే ఇంటర్‌లేస్ ప్రాసెసింగ్ అనే సెట్టింగును విడిగా ఆన్ చేయాలి. అది మరిచిపోయి, ఫీల్డులు ఎటు పోయాయని ఆఖరి గంటలో టెన్షన్ పడేవాళ్లు ఉంటారు.

ఫ్రేము బ్లెండింగ్ అనే ఇంకో దారి ఉంది. రెండు ఫ్రేముల్ని కలిపి మధ్య ఫ్రేము చేస్తుంది. నిలిచిపోయిన ఫ్రేములో ఒక మనిషికి రెండు నీడలు కనబడతాయి. ఆప్టికల్ ఫ్లో అంతకంటే తెలివైనది, ఏ వస్తువు ఎటు పోతోందో అంచనా వేసి కొత్త ఫ్రేము గీస్తుంది. ఇంటి గోడకో, రోడ్డుకో బాగా పనిచేస్తుంది. నీటికీ, పొగకీ, కొబ్బరి ఆకులకీ పని చేయదు. గోదావరి షాట్లలో ఉండేవి ఆ మూడే! హారతి మంట చుట్టూ బంకలా సాగిన అంచులు కనబడితే అది దీని పనే.

డ్రోన్ షాటుకు అన్నిటికంటే తేలిక మార్గం వేగం తగ్గించడం. శబ్దం అక్కర్లేని షాటైతే 30 ఫ్రేముల క్లిప్పును 25 అని చెప్పి ఆడిస్తే చాలు. వేగం 83 శాతానికి దిగుతుంది, ఒక్క ఫ్రేమూ పోదు, కొత్తది పుట్టించే పనీ లేదు. నది కాస్త నిదానంగా పారుతుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు, ఇంకా నిండుగా ఉందంటారు. మనుషులు నడుస్తున్న షాటుకు మాత్రం ఇది వద్దు.

ఫోన్‌తో రెండు చిక్కులు ఎక్కువ. వెలుతురు తగ్గితే ఫోను తనంతట తనే ఫ్రేములు తగ్గిస్తుంది. ఒకచోట 30, ఒకచోట 24 అవుతుంది. ఇలాంటి ఫైలును నేరుగా టైమ్‌లైన్ మీద వేస్తే ఐదు నిమిషాల బైట్ చివరికొచ్చేసరికి పెదాలకీ మాటకీ పొంతన పోతుంది. ముందే స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చుకుని అప్పుడు వేయాలి. రెండోది కరెంటుతో వచ్చే చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్లూ నాసిరకం ఎల్‌ఈడీ బల్బులూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 30 ఫ్రేములతో, 1/60 షట్టర్‌తో తీస్తే ఒక్కో ఫ్రేముకు ఆ మినుకుల్లో ఒక్కోలా వాటా పడుతుంది. తీర్థంలో సీరియల్ సెట్ల కింద తీసిన విజువల్స్‌లో సెకనుకు పది సార్లు వెలుగు ఊగడం, నల్ల పట్టీలు పాకడం దీనివల్లే. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే పోతుంది. తీశాక మిక్సింగ్‌లో పూర్తిగా పోదు. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు చూపించమనే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే 25 వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దానికి వేరే కెమెరా యాప్ వేసుకోవాలి.

2003 టేపు

అసలైన కష్టం ఇక్కడ. మినీ డీవీ టేపులో ఉన్నది 720 బై 576, 50ఐ. సరి లైన్ల ఫీల్డు ముందు వస్తుంది. హెచ్‌డీలో పై లైను ఫీల్డు, అంటే బేసిది, ముందు. సైజు వేరు, ఫీల్డుల వరస వేరు, రంగుల లెక్క కూడా వేరు.

ఈ క్లిప్పును 1080ఐ50 టైమ్‌లైన్ మీద వేసి స్కేల్ పెంచితే ఏమవుతుందో చూడాలి. 576 లైన్లను 1080 చేయాలంటే సాఫ్ట్‌వేర్ పక్కపక్క లైన్లను కలిపి కొత్త లైన్లు చేస్తుంది. కానీ పక్కపక్క లైన్లు వేర్వేరు క్షణాలవి. కోటిలింగాల రేవులో మునక వేసి లేస్తున్న మనిషి చేయి ఒక లైనులో పైన, పక్క లైనులో కాస్త కింద ఉంటుంది. రెండూ కలిస్తే పళ్లు కరిగి మసక మెట్లవుతాయి. ఇక ఏ డీఇంటర్‌లేసరూ ఆ రెండు క్షణాల్ని విడదీయలేదు. ఒక్కసారి ఇలా రెండర్ కొట్టి అసలు ఫైలు తీసేస్తే ఆ ఫుటేజీ పోయినట్టే.

దారి ఒక్కటే. ముందు 576ఐని ఫీల్డుకో ఫ్రేము చొప్పున 50పి చేయాలి, తర్వాత పెద్దది చేయాలి, ఆఖరున 1080ఐ50గా విడదీయాలి. మధ్యలో 25పిలోకి దిగకూడదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో యాడిఫ్ అనే డీఇంటర్‌లేస్ ఫిల్టర్ వాడితే డిఫాల్టుగా ఫ్రేముకో ఫ్రేమే ఇస్తుంది, ఫీల్డుకో ఫ్రేము ఇచ్చే మోడ్‌ను అడిగి తీసుకోవాలి. బీడబ్ల్యూడిఫ్ అనే ఇంకో ఫిల్టర్ అడగకుండానే అలా ఇస్తుంది. క్యూటీజీఎంసీ అనే డీఇంటర్‌లేసర్ ఇంకా శుభ్రంగా చేస్తుంది కానీ మామూలు కంప్యూటరు మీద గంట టేపుకు రాత్రంతా కూర్చోబెడుతుంది. ఏది వాడినా ఇన్‌పుట్ వరస సరి లైను ముందు అని సరిగ్గా చెబితే చాలు, బయటికొచ్చేది పూర్తి ఫ్రేములే కాబట్టి వరస తగువు అక్కడితో తీరిపోతుంది. అన్నట్టు, టైమ్‌లైన్‌లోనే ఇంటర్‌లేస్డ్ క్లిప్పును ఒక్క లైను పైకో కిందికో జరిపినా బేసి సరి అవుతుంది. టైటిల్‌కు చోటు కోసమని కాస్త జరిపిన క్లిప్పు ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టేది అందుకే.

ఆకారం సంగతి. 4:3 బొమ్మను 16:9లో పెడితే మధ్యలో 1440 పిక్సెళ్ల వెడల్పు, అటూ ఇటూ 240 చొప్పున ఖాళీ. సాగదీస్తే మనుషులు పొట్టిగా లావుగా అవుతారు. కత్తిరించి నింపితే ఎత్తులో పావు వంతు పోతుంది, తలలైనా పోవాలి, నీళ్లైనా పోవాలి. అదే బొమ్మను మసకబార్చి వెనకాల పరచడం ఇప్పుడు అలవాటైంది. నల్ల పట్టీలే నయం, పాత బొమ్మ పాతదని తెలియడంలో నామోషీ ఏముంది? రంగుల్లో ఎస్‌డీ (పాత 576 లైన్ల బొమ్మ) బీటీ 601 ప్రమాణం లెక్కలో ఉంటుంది, హెచ్‌డీ బీటీ 709 లెక్కలో ఉంటుంది. మార్చకుండా వదిలేస్తే పసుపు చీరల రంగు, వరి చేల పచ్చదనం కొద్దిగా పక్కకు జరుగుతాయి.

టేపు దొరక్కపోతే? అప్పట్లో చాలామంది చేతికి వచ్చింది వీసీడీ. అందులో 352 బై 288 మాత్రమే, అంటే ఒక ఫీల్డు అప్పుడే పోయింది. దాన్ని డీఇంటర్‌లేస్ చేయడానికేమీ లేదు. చిన్న కిటికీలో పెట్టి చూపించడమే మర్యాద. డీవీడీ అయితే రెండు ఫీల్డులూ ఉండే అవకాశం ఎక్కువ, వరస మాత్రం ఫైలు ఫైలుకూ చూసుకోవాలి.

2015 ఫుటేజీతో ఇంత ప్రయాస లేదు. అప్పటి ఏవీసీహెచ్‌డీ కెమెరాలు చాలావరకు 1080ఐ50లోనే తీశాయి. అలాగే వేసేయొచ్చు. హెచ్‌డీవీ (టేపు మీది హెచ్‌డీ) అయితే 1440 వెడల్పే ఉంటుంది, అడ్డంగా సాగదీయాలి, లైన్లు తాకాల్సిన పని లేదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లతో తీసినవి 25 కావచ్చు, 30 కావచ్చు. కానన్ 5డీ మార్క్ 2లో 25 ఫ్రేములు వచ్చిందే 2010లో ఇచ్చిన ఫర్మ్‌వేర్‌తో, అంతకుముందు 30 ఒక్కటే. క్లిప్పు క్లిప్పుకూ చూడక తప్పదు.

తెలుగు అక్షరం, మినుకు

ఫుటేజీ అంతా సరిగ్గా కుదిరినా టైటిళ్ల దగ్గర దెబ్బతింటారు. ఒక్క లైను మందం ఉన్న అడ్డగీత ఒక ఫీల్డులోనే ఉంటుంది, రెండో ఫీల్డులో ఉండదు. కాబట్టి అది సెకనుకు 25 సార్లు వెలిగి ఆరుతుంది. తెలుగు అక్షరాల్లో తలకట్టు చివర, గుడి సన్నబడే చోటు, కింద వత్తుల తోకలు సరిగ్గా ఇలాంటి గీతలే. మానిటర్ మీద అందంగా కనబడే సన్న ఫాంటు టీవీలో గజ్జెలు కట్టుకున్నట్టు ఆడుతుంది. ఒత్తు అక్షరాలు దగ్గరగా ఉన్న పేర్లయితే చదవలేం. కాస్త బొద్దుగా ఉన్న ఫాంటు వాడాలి, లేదా యాంటీ ఫ్లికర్ ఆన్ చేసి నిలువు దిశలో అరలైను మెత్తన చేయాలి. 50పి నుంచి ఇంటర్‌లేస్ చేసేటప్పుడు పెట్టే లో పాస్ (మరీ సన్న వివరాన్ని మెత్తబరిచే) ఫిల్టర్ చేసేదీ ఇదే. ఇది తీసేస్తే బొమ్మ పదునుగా ఉంటుందని కొందరు తీసేస్తారు. పట్టుచీర జరీ అంచూ, హేవ్‌లాక్ వంతెన ఇనుప కమ్మీలూ వాళ్లకు జవాబు చెబుతాయి.

చివర్లో పైకి జరిగే పేర్ల జాబితాకు ఒక చిన్న లెక్క ఉంది. అక్షరాలు ఫీల్డుకు సరిగ్గా ఒక లైను చొప్పున పైకి పోతే, మొదటి ఫీల్డులో ఏ లైన్లు కనబడ్డాయో రెండో ఫీల్డులోనూ అవే కనబడతాయి. అక్షరంలోని సగం లైన్లు ఎప్పటికీ తెర మీదికి రావు, పేర్లన్నీ మెట్లు మెట్లుగా అవుతాయి. ఫీల్డుకు రెండు లైన్ల చొప్పున, అంటే ఫ్రేముకు నాలుగు చొప్పున పోతే అన్ని లైన్లూ వస్తాయి. సరి అంకె ఏదైనా పర్లేదు. జాబితా ఎన్ని సెకన్లు ఉండాలన్నది ముందు అనుకుని, వేగాన్ని దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌కే వదిలేయడం వల్ల ఈ లెక్క తప్పుతుంది. వేగాన్ని ముందు పెట్టి, సెకన్లను దాని వెనక నడపాలి. కింద పక్కకు పోయే స్క్రోలింగ్‌కు ఈ బాధ లేదు కానీ దాన్ని 25పిలో తయారుచేసి తెస్తే అక్షరాలు జంటలు జంటలుగా కనబడతాయి. అది 50 ఫీల్డుల్లోనే కదలాలి.

కట్‌లు కూడా ఫ్రేము హద్దు మీదే పడాలి, అంటే రెండో ఫీల్డు అయ్యాక. టేపు నుంచి వచ్చిన పాత ఎడిట్‌లలో కొన్నిసార్లు కట్ ఫ్రేము నడిమధ్యలో పడి ఉంటుంది. ఆపి చూస్తే ఒకే ఫ్రేములో బేసి లైన్లలో పంతులుగారు, సరి లైన్లలో పడవ కనబడతాయి. చానల్ క్యూసీలో (నాణ్యత తనిఖీలో) పట్టుకుని వెనక్కి పంపేవాటిలో ఇదొకటి. ఆ ఒక్క ఫ్రేమును తీసేస్తే సరిపోతుంది.

ఇవన్నీ కంప్యూటరు మానిటర్ మీద తెలియవు. ఎస్‌డీఐ (బ్రాడ్‌కాస్ట్ వీడియో కేబుల్) కార్డు ద్వారా ఇంటర్‌లేస్డ్ అవుట్‌పుట్ తీసి బ్రాడ్‌కాస్ట్ మానిటర్‌కు ఇవ్వడం సరైన పద్ధతి. అంత సరంజామా లేని ల్యాబులో, తయారైన 1080ఐ50 ఫైలును పెన్ డ్రైవ్‌లో వేసి పక్క ఇంటి టీవీలో చూసినా చాలావరకు దొరుకుతుంది. రెండు వేర్వేరు కంపెనీల టీవీల్లో చూస్తే ఇంకా మంచిది, ఎందుకంటే డీఇంటర్‌లేస్ చేసే తీరు ఒక్కో టీవీలో ఒక్కోలా ఉంటుంది. వణుకు రెండింట్లోనూ ఉంటే తప్పు ఫైలుది.

ఇక కొత్తగా తీసేవాటి సంగతి. 4కె ప్రమాణమైన బీటీ 2020లో ఇంటర్‌లేస్ అనేదే లేదు, అంతా ప్రోగ్రెసివ్. యూట్యూబు కూడా ఇంటర్‌లేస్డ్ ఫైలు ఇస్తే తనకు తోచినట్టు ప్రోగ్రెసివ్ చేసుకుంటుంది, ఆ పని దానికి వదలడం మంచిది కాదు. అందువల్ల ఇప్పుడు 50ఐలో తీయడంలో అర్థం లేదు. 50పిలో తీసి, 50పి టైమ్‌లైన్‌లో ఎడిట్ చేసి, చానల్‌కు 1080ఐ50, యూట్యూబుకు 50పి విడివిడిగా తీయడం మేలు. కార్డులు త్వరగా నిండుతాయి, తక్కువ వెలుతురులో బొమ్మ కొంచెం చీకటి పడుతుంది. షట్టర్ 1/50 కంటే నెమ్మదిగా పెట్టడానికి 50పిలో వీలుండదు, 1/100 పెడితే ఇంకో స్టాప్, అంటే సగం వెలుతురు, పోతుంది. సాయంత్రం హారతికీ, రాత్రి తెప్పోత్సవానికీ 1/50 చాలు. పగటి ఊరేగింపుకు 1/100 పెట్టుకోవచ్చు. కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూలు 25పిలో తీసినా అదే టైమ్‌లైన్‌లో ఇబ్బంది లేకుండా కూర్చుంటాయి. రోజుకూలీకి వచ్చే డ్రోన్ ఆపరేటర్‌కూ, ఫోన్‌తో పంపే కంట్రిబ్యూటర్‌కూ షూటింగ్ ముందు రోజే ఒక మెసేజ్ పెట్టాలి: 25 గానీ 50 గానీ, షట్టర్ 1/50 లేదా 1/100, 30 వద్దు.